పురుగు బస్తాతోనే వచ్చింది

శ్రావణంలో ముసురు పట్టిన ఓ పొద్దున బియ్యం డబ్బా మూత తీసి, రెండు గుప్పెళ్లు చాటలో పోసి చూడండి. మొదట ఏమీ కనబడదు. చాట కదపకుండా కాసేపు ఉంచితే, తెల్లటి గింజల మధ్య నువ్వుగింజంత నల్లచుక్క ఒకటి కదులుతుంది. వేలితో తాకగానే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడిపోతుంది. వేలు తీసిన కాసేపటికి మళ్లీ నడక మొదలుపెట్టి చాట అంచు వైపు పోతుంది. ముందుకు పొడుచుకొచ్చిన సన్నని ముక్కు, వీపు మీద ఎర్రని నాలుగు మచ్చలు ఉంటే అది ముక్కుపురుగు. ఒకటి కనబడిందంటే ఇంట్లో వెంటనే పుట్టే ప్రశ్న కూడా మనకు తెలిసిందే: మూత సరిగ్గా పెట్టనిదెవరు? తడిచెయ్యి పెట్టిందెవరు? ఆ నింద తిరిగి తిరిగి వంటింట్లో నిలబడ్డ ఆడమనిషి మీదికే పోతుంది. పురుగు పట్టిన బియ్యం ఆమె శుభ్రత మీద తీర్పు అయిపోతుంది. ఈ తీర్పు తప్పు. పురుగు చాలాసార్లు మన ఇంట్లో పుట్టదు, బస్తాతో పాటే గడప దాటి వస్తుంది. వచ్చాక అది పెరగాలా వద్దా అన్నది తేమ, వేడి, రోజులు, నిల్వ పెట్టిన బరువు తేలుస్తాయి. శుభ్రత అవసరమే గానీ, ఆ లెక్కలో దాని వంతు మనం అనుకున్నంత పెద్దది కాదు.

ముక్కుపురుగు కాపురం ఎలా సాగుతుందో చూస్తే ఈ మాట నమ్మబుద్ధవుతుంది. ఆడపురుగు తన ముక్కుతో బియ్యపు గింజకు సన్నని గుంత తొలిచి, అందులో ఒక్క గుడ్డు పెట్టి, పైన జిగురుతో పూడ్చేస్తుంది. పూడ్చిన చోటు గింజ రంగులోనే కలిసిపోతుంది కాబట్టి కళ్లద్దాలు పెట్టుకుని ఏరినా దొరకదు. బతికినన్నాళ్లలో అలా మూడు నాలుగు వందల గుడ్లు పెట్టగలదు. గుడ్డు పగిలి పుట్టిన తెల్లటి పిల్లపురుగు గింజ లోపలి పిండి తింటూ అక్కడే పెరుగుతుంది, అక్కడే కోశంగా మారుతుంది, అక్కడే రెక్కలు తొడుక్కుంటుంది. బయటికొచ్చేటప్పుడు మాత్రమే గింజకు బొక్క పడుతుంది. వాతావరణం నచ్చితే ఈ కథంతా దాదాపు నెలరోజుల్లో ముగుస్తుంది. ఆ నల్లటి గట్టి పెంకు తయారీకి కూడా దాని ఒంట్లో కాపురముండే ఒక రకం బ్యాక్టీరియా సాయం చేస్తుంది, పురుగుకే ఒక అద్దెదారు ఉన్నట్టు! మనకు చాటలో కనబడేది ఇల్లు ఖాళీ చేసి బయటికొచ్చిన వాళ్లే. లోపల ఇంకా కాపురముంటున్న వాళ్ల లెక్క మనకు అందదు. అందుకే ఆదివారం జల్లెడ పట్టి, చెరిగి, శుభ్రంగా డబ్బాకెత్తిన బియ్యంలో రెండు వారాలకే మళ్లీ పురుగులు తిరుగుతాయి. జల్లించడం తప్పు కాదు, కానీ దానితో పని అయిపోయిందనుకోవడం తప్పు.

బియ్యంలో పురుగు దానంతటదే పుడుతుందని మన పెద్దలు చాలామంది నమ్మేవారు. వాళ్లను చూసి నవ్వాల్సిన పని లేదు. కుళ్లిన మాంసంలో పురుగులు వాటంతటవే పుడతాయని యూరప్ పండితులు కూడా నమ్మిన కాలం ఉంది. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో రెడీ అనే వైద్యుడు 1668లో మాంసం పెట్టిన జాడీల్లో కొన్నింటికి గుడ్డ కట్టి, కొన్నింటిని తెరిచి ఉంచి, ఈగ వాలని జాడీలో పురుగు పుట్టదని చూపించాడు. ఆయన మాంసానికి బదులు మన బియ్యం తీసుకుని ఉంటే ఆ పరీక్ష బోర్లాపడేది. గుడ్డ కట్టిన జాడీలోనూ నెల తిరిగేసరికి పురుగులు నడిచేవి, ఎందుకంటే గుడ్డు గింజలోపలే దాక్కుని ఉంటుంది. మూత గట్టిగా పెట్టినా పురుగొచ్చిందని ఆశ్చర్యపోయే ఇల్లాలికి కూడా ఇదే జవాబు.

మరి బస్తాలోకి ఎక్కడ చేరింది? ఉదాహరణకు నల్లగొండ జిల్లాలోని హాలియా నాగార్జునసాగర్ ఎడమకాలువ ఆయకట్టు ఊరు. చుట్టూ వరి పొలాలు, కాస్త దూరంలో మిర్యాలగూడ మిల్లులు. వడ్లు మిల్లులో ఆడేటప్పుడు పొట్టు ఊడి, పాలిష్ పట్టి, జల్లెళ్ల మీద నుంచి దూకే దారిలో పురుగు తొలిచిన గింజలు చాలామటుకు చితికిపోయి నూకల్లో, తవుడులో కలిసిపోతాయి. అప్పుడే ఆడిన బియ్యంలో పురుగు తక్కువ. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. గోదాములో పాత బస్తాల పక్కన కొత్త బస్తా పడుతుంది, ఇంతకుముందు వాడిన గోనె సంచి కుట్టుల్లో నాలుగు పురుగులు నిద్రపోతుంటాయి, లారీ అడుగున మొన్నటి లోడు రాలిన గింజలుంటాయి, దుకాణంలో గోడవార నెల కింది సంచి ఉంటుంది. ముక్కుపురుగుకు ఎగరడం కూడా వచ్చు. ఇన్ని మజిలీలు దాటిన బస్తా ఒక్క గుడ్డు కూడా లేకుండా మన ఇంటికి రావడం అదృష్టమే. అలా రాకపోతే అందులో ఎవరి అశుభ్రతా లేదు.

2025 ఉగాది నాడు, మార్చి 30న, హుజూర్‌నగర్‌లో తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డుల మీద సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. మనిషికి నెలకు ఆరు కిలోలు. అదే ఏడాది, వానలు పడితే రవాణా ఇబ్బందవుతుందన్న ముందుజాగ్రత్తతో, జూన్, జూలై, ఆగస్టు మూడు నెలల బియ్యం జూన్‌లోనే ఒక్కసారి ఇచ్చేశారు. నలుగురున్న ఇంటికి 72 కిలోలు. కార్డుదారుకు అది మంచిదే, మూడుసార్లు లైన్లో నిలబడే పని తప్పింది. అంతకుముందు దొడ్డుబియ్యం అమ్ముకునే ఇళ్లు కూడా సన్నబియ్యం వండుకున్నాయి. కానీ నిల్వ కోణం నుంచి చూస్తే ఏం జరిగింది? గోదాము చేయాల్సిన పని కొంత ఇంటికి బదిలీ అయింది. గోదాముకు కింద చెక్క పలకలుంటాయి, గాలి ఆడే దారులుంటాయి, పురుగు పడితే టార్పాలిన్ కప్పి పొగబెట్టే శిక్షణ పొందిన మనుషులుంటారు. రెండు గదుల ఇంటికి ఉన్నది మంచం కింద కాస్త చోటు. నెలకు 24 కిలోల చొప్పున తింటే చివరి బస్తా విప్పేసరికి ఆగస్టు వస్తుంది. అప్పటికి ముక్కుపురుగుకు దాదాపు రెండు తరాలు గడిచిపోయి మూడోది దారిలో ఉంటుంది. మొదటి బస్తాలో అరడజను ఉంటే ఎవరూ గమనించరు, చివరి బస్తాలో వందలుంటే ఇల్లంతా గోల. తప్పు ఆగస్టులో కనబడింది కాబట్టి దాన్ని ఆగస్టు వంటగది మీద వేస్తాం.

అందులోనూ అవి ఎలాంటి మూడు నెలలు! నల్లగొండ మే ఎండల్లో ముక్కుపురుగుకు సుఖం లేదు. వేడి 35 డిగ్రీలు దాటితే దాని సంతానం పెరగడం దాదాపు ఆగిపోతుంది, గాలి కూడా పొడిగా ఉంటుంది. మృగశిర దాటి వాన మొదలయ్యాక ఇంట్లో వేడి 28, 30 డిగ్రీలకు దిగుతుంది, సరిగ్గా దానికి కావలసిందదే. బియ్యం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, గాలి ఆరితే వదిలేస్తుంది. గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలబడితే గింజలో తేమ 14 శాతానికి అటూఇటూ స్థిరపడుతుంది. తేమ పది శాతం లోపు ఉన్న గింజలో ముక్కుపురుగు సంతానం సాగడం చాలా కష్టం. అంటే వేసవిలో ఊరుకున్న డబ్బానే వానకాలంలో లేచి కూర్చుంటుంది. మనం డబ్బా మార్చలేదు, అలవాటు మార్చలేదు. మారింది గాలి.

ఇక్కడ పెద్దవాళ్ల నుంచి ఓ గట్టి అభ్యంతరం వస్తుంది. మా కాలంలో ఏడాది గింజలు ఇంట్లోనే ఉండేవి, ఏ మందూ లేదు, ఏ పురుగూ లేదు, ఇప్పటి వాళ్లకే ఓపిక లేదు అంటారు. మాటలో నిజముంది, కానీ నిజం ఓపికలో లేదు. అప్పుడు దాచింది బియ్యం కాదు, వడ్లు. వడ్ల మీద పొట్టు కవచంలాంటిది. అది చీలకుండా, రెండు రెక్కలూ గట్టిగా కలిసి ఉంటే ముక్కుపురుగు లోపలి గింజను చేరలేదు. వడ్లకు వేరే శత్రువులున్న మాట నిజమే. పొలంలోనే గుడ్లు పెట్టే వడ్ల చిలుక ఉంది, గింజను పొడిచేసి పిండి చేసే నుసి పురుగు ఉంది. అయినా పొట్టు తీసిన బియ్యంతో పోలిస్తే వడ్లు ఎన్నో రెట్లు గట్టి సరుకు. వెదురుతో అల్లి పేడతో అలికిన గుమ్మిలో వడ్లుండేవి. వారానికో పదిహేను రోజులకో సరిపడా దంచుకునేవారు. అంటే పురుగుకు ఇష్టమైన బియ్యం ఇంట్లో ఎప్పుడూ పదిహేను రోజుల తిండికి మించి ఉండేది కాదు. ఏడాది నిల్వ ఒక రూపంలో, రోజువారీ వాడకం ఇంకో రూపంలో. ఆ ఏర్పాటులోనే రక్షణ ఉంది.

సాగర్ నీళ్లు 1967 ఆగస్టులో కాలువల్లోకి వచ్చాక ఈ ఎగువ నేలల్లో జొన్న, సజ్జ, కంది, ఆముదం పక్కన వరి విస్తరించింది. తర్వాత కోతమిషన్ వచ్చింది. పచ్చివడ్లు రాశి పోసిన చోటు నుంచే కొనుగోలు కేంద్రానికి పోతున్నాయి. అక్కడ 17 శాతం తేమ వరకు తీసుకుంటారు. అంటే ఏడాది గింజలు దాచుకునేటంత ఆరబెట్టే పని రైతింట్లో లేకుండా పోయింది. గుమ్మి పోయింది, రోలు పోయింది, వడ్లు మిల్లుకు పోయాయి, తిరిగి ఇంటికి బియ్యమై వచ్చాయి. వరి పండించే ఇంట్లోనే బియ్యం కొనుక్కునే రోజులివి. మార్పు మంచిదా చెడ్డదా అనే చర్చ ఇక్కడ అనవసరం. ఆనాటి ఏర్పాటు లేదు కాబట్టి ఆనాటి ఫలితాన్ని ఇప్పటి కోడలి నుంచి ఆశించడం న్యాయం కాదన్నంతవరకే నా వాదన.

పాతర సంగతి మరీ ముచ్చటైనది. జొన్నలు పండే ఎర్రచెలకల్లో లోతుగా గుంత తవ్వి, అడుగున, గోడలకు గడ్డి పరిచి, గింజలు నింపి, పైన మట్టితో మూసేవారు. లోపల చిక్కుకున్న పురుగులూ గింజలూ గాలి పీల్చి పీల్చి ప్రాణవాయువును ఖర్చు చేసేస్తాయి, ఆ తర్వాత పురుగుకు ఊపిరాడదు. ఆ గాలి మనిషిని కూడా చంపుతుంది కాబట్టే పాతర తెరవగానే ఎవరూ దిగేవారు కాదు, గాలి మారేదాకా ఆగేవారు, దీపం దించి ఆరిపోతుందేమో చూసేవారు. ఆఫ్రికాలోని కామెరూన్‌లో 1980ల చివర అమెరికా పర్డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు అలసందల కోసం తయారుచేసిన మూడు పొరల సంచి వెనక ఉన్న సూత్రం సరిగ్గా ఇదే. లోపల రెండు పాలిథిన్ పొరలు, బయట నేసిన సంచి, మూతి బిగించి కట్టడం. మందు చుక్క లేదు. మన పాతరను సంచిలో పెట్టినట్టు!

పప్పుల కథ వేరు, దాన్ని బియ్యంతో కలిపి మాట్లాడితే రెండూ అర్థం కావు. కందులు, పెసలు, అలసందలకు పట్టే పుచ్చపురుగు పొలంలోనే ఎండుతున్న కాయ మీద గుడ్డు పెట్టేస్తుంది. గింజలతో ఇంటికొచ్చి, ఇంట్లో ఒక తరం పూర్తిచేసుకుని, ఈసారి నేరుగా గింజ మీదే గుడ్లు అతికిస్తుంది. పెసలు ఒక గుప్పెడు తీసుకుని వెలుతురులో చూస్తే పచ్చటి తొక్క మీద తెల్లటి చిన్న చుక్కలు కనబడతాయి, ఎవరో సున్నం చిమ్మినట్టు. అవే గుడ్లు. పిల్లపురుగు గుడ్డు అడుగు నుంచే గింజలోకి తొలుచుకుపోతుంది, రెక్కలు వచ్చాక గుండ్రటి తలుపు తెరిచినట్టు బయటపడుతుంది. రెక్కల పురుగు ఏమీ తినదు, వారం పది రోజులు బతికి గుడ్లు పెట్టి చస్తుంది. ఇది తెలిస్తే మన పాత అలవాట్ల తెలివి తెలుస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకలు ఒకప్పుడు ఆముదానికి పేరు. అక్కడి ఇళ్లలో పప్పుకు ఆముదం పట్టించడం మామూలు. గింజ మీద సన్నని నూనె పొర పడితే గుడ్డుకు గాలి అందదు, పురుగుకు గుడ్డు అతికించే పట్టు కూడా దొరకదు. కిలోకు ఐదు మిల్లీలీటర్లు, అంటే ఒక చెంచా, ప్రతి గింజకూ అంటేలా కలపాలి. అడుగున నూనె కారేంత పోసినా లాభం లేదు, పైపైన చల్లినా లాభం లేదు. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం కూడా ఈ నేలల అలవాటే. సన్నటి మట్టి, బూడిద పురుగు ఒంటి మీది మైనపు పొరను గీకేస్తాయి, దాంతో ఒంట్లో నీరు ఆవిరై అది ఎండి చస్తుంది. ఇంకొకటి, గింజను బద్దగా విరిస్తే పుచ్చపురుగుకు ఇల్లు సగం కూలినట్టే. కందిపప్పు కంటే కందులకే పుచ్చు ఎక్కువ పట్టేది అందుకే.

ఇప్పుడు వేపాకు. ఈ మాట ఎత్తితే కొందరికి కోపం రావచ్చు. డబ్బాలో వేపాకు వేస్తే పురుగు రాదని, ఎండుమిరపకాయలు, లవంగాలు, వెల్లుల్లి రెబ్బలు వేస్తే పారిపోతుందని ఇంటింటా చెప్పుకుంటాం. వేపగింజల నూనెలో పురుగుల ఎదుగుదలను అడ్డుకునే పదార్థం ఉందన్నది రుజువైన విషయం. దాని పేరు అజాడిరక్టిన్. కానీ అది గింజలో చిక్కగా ఉంటుంది, ఎండిన ఆకులో పలచన. పాతిక కిలోల బియ్యంలో రెండు రెమ్మలు గుచ్చితే వాసన కొన్నాళ్లు పెద్ద పురుగుకు చిరాకు పుట్టించవచ్చేమో గానీ, గింజ లోపల మూతపెట్టుకుని కూర్చున్న పిల్లపురుగుకు చీమ కుట్టినట్టైనా ఉండదు. మా ఇంట్లో పనిచేసిందనే వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వేపాకు వేసే ఇల్లు సాధారణంగా బియ్యం ఆరబెట్టి, చెరిగి, కొత్త డబ్బాలో పోసే ఇల్లు కూడా. పని ఆరబెట్టడం చేసింది, పేరు వేపాకుకొచ్చింది. పైగా పచ్చి ఆకు వేస్తే దాని తడి బియ్యానికే చేటు. మిరపకాయ విషయం ఇంకా వింత. సిగరెట్ పెంకుపురుగు అనే చిన్న గోధుమరంగు పురుగు ఎండుమిరపకాయలను, పసుపుకొమ్ములను, ధనియాలను కమ్మగా తిని బతుకుతుంది. మిరపకాయకే పురుగు పట్టే లోకంలో మిరపకాయను కాపలా పెట్టుకున్నాం!

నవ్వుకునే సంగతి ఇక్కడితో సరి. బోరిక్ పౌడర్, బిళ్లల గురించి నవ్వుతూ మాట్లాడలేం. బియ్యానికి బోరిక్ పౌడర్ పట్టించడం తెలుగిళ్లలో తరతరాలుగా ఉంది, కిరాణా కొట్టులో చీటీ మీద రాసి అడిగేంత మామూలు. పురుగు దాన్ని తిని చస్తుందన్నది నిజమే. అది మనిషి తినే వస్తువు కాదన్నదీ నిజమే, మన దేశంలో ఆహారంలో కలపడానికి అనుమతి ఉన్న పదార్థాల్లో అది లేదు. మూడుసార్లు కడుగుతాం కదా అంటారు. కడిగితే చాలామటుకు పోతుంది, కానీ పిండి పట్టించే బియ్యాన్ని ఎంతమంది కడుగుతారు? ఎవరో తెలియక కడగకుండా వండితే? ఇంట్లో పసిపిల్లలుంటే ఈ ప్రశ్నలకు జవాబు వెతకడం కంటే ఆ పొడి మానేయడం తేలిక. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు దీనికంటే వందరెట్లు భయంకరం. మూడు గ్రాముల బిళ్ల గాలిలోని తేమ తగిలితే దాదాపు గ్రాము ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. దానికి విరుగుడు మందు లేదు. పడకగదిలో పేర్చిన బస్తాల్లో ఆ బిళ్ల వేసి తలుపు వేసుకుని పడుకుంటే పురుగు కంటే ముందు ఇంట్లో పిల్లలు పోతారు. వాటి అమ్మకం మీద మన దేశంలో ఆంక్షలున్నాయి, ఇళ్లలో వాడటానికి ఉద్దేశించినవే కావు. తెలిసిన మిల్లులో నాలుగు బిళ్లలు తెచ్చానని ఎవరైనా గొప్పగా చెబితే ఆ పూట వాళ్లింట్లో ఎవరూ పడుకోకూడదు. ఇంత విషం వాడుతున్న గోదాముల్లోనే ఫాస్ఫీన్‌ను తట్టుకునే పురుగులు తయారయ్యాయి, మన దేశంలోనూ బయటా. పిండి పురుగు, నుసి పురుగు ఆ వరసలో ముందున్నాయి.

అయితే ఏం చేయాలి అన్న ప్రశ్నకు జవాబు పైన చెప్పిన లెక్కలోనే ఉంది. పురుగుకు తేమ కావాలి, నడివేడి కావాలి, గాలి కావాలి, రోజులు కావాలి. నాలుగింటిలో మన చేతికి అందేదాన్ని తీసేయాలి. అన్నిటికంటే చవక ఉపాయం రోజులు తీసేయడం: వానకాలంలో నెలకు మించి కొనకపోవడం. బతిమాలినా పాత బియ్యం దొరకదు కాబట్టి రెండు బస్తాలు తెచ్చిపెట్టుకుంటామనేవాళ్లు, మూడు నెలల రేషన్ ఒక్కసారి చేతికొచ్చినవాళ్లు ఈ ఉపాయం వాడలేరు. వాళ్లకు రెండోది గాలి. వంటింటి స్టీలు డబ్బా మూత గాలిని ఆపదు, పురుగుకు అది మూతే కాదు. మందపాటి పాలిథిన్ సంచిని డబ్బా లోపల పెట్టి, ఆరిన బియ్యాన్ని ఖాళీ లేకుండా నింపి, గాలి పిండి, మెడ మెలిపెట్టి రెండుసార్లు కట్టాలి. సన్నటి కవర్లను కొన్ని పురుగులు కొరికి బయటపడతాయి కాబట్టి పలచటి సంచి పనికిరాదు. పప్పులకైతే కడిగి పూర్తిగా ఆరబెట్టిన కూల్‌డ్రింకు సీసాలు చక్కగా సరిపోతాయి, నోరు దాకా నింపి బిరడా బిగిస్తే చిన్నసైజు పాతర సిద్ధం. ఒక్క జాగ్రత్త: తడిసిన గింజను గాలి చొరకుండా కట్టేస్తే పురుగు బదులు బూజు పడుతుంది, అది పురుగు కంటే చెడ్డది. కట్టే ముందు ఆరాలి.

ఆరబెట్టడంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. బియ్యాన్ని మిద్దె మీద మండుటెండలో పోస్తే గింజ పగుళ్లిచ్చి, వండేటప్పుడు విరిగి నూకై ముద్దవుతుంది. బియ్యానికి నీడ, గాలి చాలు. ఎండ పప్పుగింజలకు, అదీ తెలివిగా. నల్ల గుడ్డ మీద పలచగా పరిచి, పైన పారదర్శకమైన పాలిథిన్ కప్పి, అంచులకు రాళ్లు పెడితే లోపలి వేడి మామూలు ఎండను మించిపోతుంది. 57 డిగ్రీల వేడి గంటసేపు తగిలితే అలసందల్లోని పుచ్చపురుగు గుడ్డుతో సహా చస్తుందని ప్రయోగాలు తేల్చాయి. ఉప్మారవ్వను తెచ్చిన రోజే దోరగా వేయించి పెట్టుకునే అలవాటు కూడా ఇదే విద్య, ఇన్నాళ్లూ అది రుచి కోసమనుకున్నాం. ఫ్రిజ్ ఉన్నవాళ్లు పిండి, రవ్వ, శనగపప్పు లాంటి కిలో పొట్లాలను పైనున్న గడ్డకట్టే అరలో వారంపాటు ఉంచి తీస్తే గుడ్లు కూడా మిగలవు. తీసిన పొట్లాన్ని వెంటనే విప్పకూడదు, చల్లదనం పోయేదాకా ఆగాలి, లేకపోతే గాలిలోని తేమ పిండి మీద నీరై కూర్చుంటుంది.

శుభ్రత సంగతి చివరికి వాయిదా వేశాను, కావాలనే. లక్కపురుగు అని మనం పిలిచే ఎర్రటి పిండి పురుగు గట్టి గింజను కొరకలేదు. విరిగిన నూక, పిండి, రాలిన పొడి దాని ఆహారం. ఏడాదికి మించి బతకగలదు. ఎక్కువైతే పిండికి ఒక రకమైన ఘాటు వాసన, గులాబీ ఛాయ వస్తాయి, అది దాని ఒంటి నుంచి ఊరే రసాయనం వల్ల. డబ్బా అడుగు అంచున అతుక్కున్న పిండి, అరల మూలల్లో దుమ్ము, గ్రైండర్ పళ్లల్లో ఇరుక్కున్న రవ్వ దానికి సరిపోతాయి. అక్కడ చీపురు, పొడిగుడ్డ నిజంగా పనిచేస్తాయి. అన్నిటికంటే పెద్ద తప్పు పాత బియ్యం గుప్పెడు మిగిలిన డబ్బాలోనే కొత్త బస్తా కుమ్మరించడం. కింద మిగిలిన ఆ గుప్పెడు పైనున్న పాతిక కిలోలకు తోడుపెట్టిన మజ్జిగచుక్క.

పట్టేసిన బియ్యాన్ని పారేయాలా? తినే ఒక్క పూట అన్నానికీ లెక్క ఉన్న ఇంట్లో ఈ ప్రశ్నను చులకనగా తీసుకోలేం. బియ్యపు పురుగు కుట్టదు, జబ్బు మోసుకురాదు, పొరపాటున ఒకటి రెండు కడుపులోకి పోయినా కంగారు పడనక్కర్లేదు. కాస్త పట్టిన బియ్యాన్ని నీడలో పరిచి, చెరిగి, నీళ్లలో పోసి తేలిన బోలు గింజలు తీసేసి వండుకోవచ్చు. పిండి ముద్ద కట్టి, దారాలల్లుకుని తుట్టెలు తుట్టెలుగా వేలాడుతుంటే, ముక్కుకు ఘాటు తగిలితే, బూజు వాసన వస్తే అది మనుషుల తిండి కాదు. ఇక పురుగు ఎంత చేరిందో ముందే తెలుసుకోవడానికి కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఒక చిన్న సాధనం తయారుచేసింది. ఒళ్లంతా చిల్లులున్న గొట్టం, అడుగున శంకువు లాంటి ముక్క. బియ్యంలో గుచ్చితే పురుగులు గాలి ఆడే చిల్లుల వైపు నడిచొచ్చి, లోపల జారిపడి, మళ్లీ ఎక్కలేవు. వారానికోసారి తీసి చూసుకుంటే చాలు. హాలియాకు దగ్గరలోని కంపాసాగర్‌లో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, పొలంలో పురుగు గురించి అడగడానికి రైతులు అక్కడికి పోతారు. డబ్బాలో పురుగు గురించి అడగడానికి ఎవరూ పోరు, అది అడగదగ్గ ప్రశ్న అని మనకు తోచదు.

చెరిగి ఏరిన పురుగుల్ని ఏం చేయాలన్నది మిగిలింది. వాకిట్లో చిమ్మేస్తే కాళ్లూ రెక్కలూ ఉన్నవి కాబట్టి సాయంత్రానికి కొన్ని తిరిగొస్తాయి. సబ్బునీళ్ల గిన్నెలో దులిపితే మునుగుతాయి. ఇంట్లో కోళ్లుంటే ఇంకా మంచిది, చాట అంచు తట్టిన చప్పుడుకే పరుగెత్తుకొచ్చి ఒక్కటీ మిగలకుండా ఏరుకుంటాయి.